పొరపాటున కట్టిన తెల్లజెండాలు

"మీ అమ్మ వస్తుందా, రాదా? ఆ ఒక్క ముక్క చెప్పు," అంది మల్కాంతి.

నిహాల్ చేతిలోని టీ ఫ్లాస్కు కింద పెట్టాడు. దాని మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"నిన్నే అడుగుతున్నది."

"ఇల్లు ఊడుస్తోంది."

"ఏమిటీ?"

"పొద్దుట నువ్వు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశావే, అప్పట్నించీ ఊడుస్తూనే ఉంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. 'వస్తావా అమ్మా' అంటే చీపురు ఆపింది. 'సమితి వెళ్ళని చావింటికి సమితి కార్యదర్శి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?' అని నన్నే ఎదురడిగింది. నేనేం చెప్పను?"

"వియ్యంకుడి ఇంటికి వియ్యపురాలి మొహం పెట్టుకుని వెళ్ళమని చెప్పాలి. అది కూడా నేనే నేర్పాలా నీకు? మా నాన్న..." అని మల్కాంతి ఆగిపోయింది.

నిహాల్ తల దించుకున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ తల్లికీ పెళ్ళానికీ మధ్య అతను చేస్తున్న పని ఆ ఒక్కటే. మంచివాడే పాపం, మంచితనం ఎక్కువై నోరు తక్కువైంది.

లోపల మల్కాంతి తల్లి దింగిరి అమ్మ చావింటి ఆచారంగా గోడమీది ఫోటోలన్నీ గోడవైపు తిప్పేసి, మంచం ఎత్తేసిన ఖాళీ చోటులో చాప పరుచుకు కూర్చుంది. మల్కాంతి తండ్రి ముదియన్సే శవాన్ని పేటికలో పెట్టించటానికి పట్నం తీసుకెళ్ళిన బండి మధ్యాహ్నానికి పేటికతో తిరిగొస్తుంది. ఆలోగా వాకిట్లో టెంటు లేవాలి, కుర్చీలు పడాలి, వచ్చినవాళ్ళకి టీ కాచే పెద్ద కెటిళ్ళు రావాలి. చావింట్లో పొయ్యి వెలగదు కనుక వంట ఎవరింట్లో అవుతుందో తేలాలి. గల్‌వెవ ఊళ్ళో ఇవన్నీ ఎవరూ అడగరు, ఎవరూ అడిగించుకోరు. మనిషి పోయాడన్న మాట చెవిన పడగానే మరణాధార సమితి కదిలి వస్తుంది. ఏడ్చేవాళ్ళు ఏడవటం తప్ప ఇంకో పని పెట్టుకోనక్కర్లేదు.

ఆ సమితే ఇవాళ రాలేదు. వాకిలి బోసిగా ఉంది. చుట్టుపక్కలవాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక రోడ్డు అవతల కొబ్బరిచెట్ల నీడన నిలబడ్డారు.

"మరి ఆ జెండాలేమిటి?" అన్నాడు నిహాల్ ఉన్నట్టుండి.

మల్కాంతి గుండె అదే అడుగుతోంది పొద్దుటినుంచీ. కూడలి దగ్గర మొదలుపెట్టి, పొలం గట్టు వెంబడి ఈ ఇంటి గేటు దాకా రెండు వైపులా సమితి తెల్లజెండాలు ఎగురుతున్నాయి. తెల్లవారగట్ల తను ఏడుస్తూ పరుగెత్తుకొచ్చినప్పుడు ఒక్కటి కూడా లేదు. ఎండ పొడిచాక బయటికొచ్చి చూస్తే బారులు తీరి ఉన్నాయి. అత్త మనసు కరిగిందనుకుంది. 'సమితిలో మీ నాన్న పేరు లేదు' అని మొహం మీద అన్న మనిషి వెనకాలే జెండాలు పంపిందనుకుని, అత్తని అనరాని మాటలన్నందుకు తనని తనే తిట్టుకుంది కూడా. తీరా చూస్తే జెండాల వెనక కుర్చీలు రాలేదు. కెటిల్ రాలేదు. మనిషి రాలేదు.

గేటు దగ్గర దగ్గు వినిపించింది.

సమితి ఉపాధ్యక్షుడు టికిరి బండా గేటు బయటే నిలబడి, నెత్తిమీది టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. గేటు దాటి లోపలికి రాలేదు.

"లోపలికి రా మామా," అంది మల్కాంతి.

"రాకూడదమ్మాయ్. నేను కాలు పెడితే సమితి కాలు పెట్టినట్టు అవుతుందిట. ఇప్పటికే నాకు బాగా అక్షింతలు పడ్డాయి."

"ఎవరు వేశారు?"

"గుణావతి. కోశాధికారి కదా, ఆవిడ నోటికి అడ్డేముంది." టికిరి బండా గొంతు తగ్గించాడు. "ఆ జెండాలు నేనే కట్టానమ్మా. ఎవరూ కట్టమనలేదు. పొలంలో ఉన్నాను. మీ అమ్మ ఏడుపు వినపడింది. కాళ్ళు వాటంతటవే సమితి కొట్టు వైపు పరుగెత్తాయి. ఆఖరి జెండా మీ గేటుకి కడుతుంటే గుర్తొచ్చింది, ముదియన్సే పేరు తీసేశారు కదా అని. అప్పటికి ఏముంది, కట్టేశాను."

మల్కాంతి గేటు ఊచ పట్టుకుంది. అంటే అత్త పంపలేదు. అలవాటు పంపింది.

టికిరి బండాని తిట్టటానికి మాత్రం ఆమెకి నోరు రాలేదు. ఉపాధ్యక్ష పదవికి చేసే పనంటూ ఏమీ లేదని ఊరంతా ఎరుగుదురు. అధ్యక్షుడికి జబ్బు చేస్తే తప్ప ఆ మనిషి అవసరం రాదు. ఆ పదవిలో ముందున్నవాడు మల్కాంతి తండ్రే. 'కూరలో కరివేపాకుని నేను' అని నవ్వుతూ తిరిగేవాడు. తీరా అధ్యక్షుడు కాలు విరిగి మంచాన పడ్డ ఏడు, ముదియన్సే చొక్కా ఇస్త్రీ చేయించుకుని సమావేశానికి వెళ్తే, కార్యదర్శి బిసో మెణికే అతన్ని పక్కన పెట్టి బడి పెద్దపంతులుని కుర్చీలో కూర్చోబెట్టింది. పంతులు బాగా మాట్లాడతాడని. ఆ నవ్వు ఆ రోజుతో ఆగింది. ముదియన్సే ఇక సమితి పేరెత్తలేదు, ఎవరి చావుకీ వెళ్ళలేదు. వరసగా మూడు చావులకి రానివాడి పేరు తీసేయాలన్నది నియమం. ఆ పేరు లేచి నిలబడి చదివిందీ బిసో మెణికేనే. కూతురి అత్తగారే.

టికిరి బండా ఆ తర్వాత ఆ పదవిలోకి వచ్చాడు. ఊరికే కూర్చోలేక, జెండాలు కట్టే పని తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. ఎండనక, వాననక ఎవరింట చావైనా మొదటి జెండా ఆయన చేతిదే. ఎవరూ చెయ్యమనని పనిని ఇంత శ్రద్ధగా చేసేవాడు ఊరికి ఒక్కడుంటే చాలనిపిస్తుంది.

"అయితే విప్పేసుకోండి," అంది మల్కాంతి.

"అమ్మో, ఆ మాటనకు. చావింటికి కట్టిన జెండా శవం లేవకుండా విప్పుతారా ఎవరైనా? ఊరికి అరిష్టం. విప్పకపోతేనేమో సమితి వచ్చినట్టు లెక్క. వచ్చినట్టు లెక్కయితే గుణావతి ఊరుకోదు. అధ్యక్షుడు తల పట్టుకుని కూర్చున్నాడు. 'జెండాలు కళ్ళతో చూస్తే గాని ఏమీ చెప్పలేను' అన్నాడు. అందరూ ఇక్కడికే వస్తున్నారు. సమావేశం ఇక్కడే."

"ఇక్కడంటే?"

"రోడ్డు మీద."

*

అధ్యక్షుడు విజేసుందర పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయినవాడు. గొడుగు వేసుకుని వచ్చాడు. కూడలి నుంచి జెండాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ, ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసినట్టు చూసుకుంటూ వచ్చి, గేటుకి ఇవతల ఆగాడు.

"అధ్యక్షుడు కూర్చుంటే గాని సభ మొదలైనట్టు కాదు," అన్నాడు. "కుర్చీ ఏదీ?"

నిహాల్ లోపల్నించి కుర్చీ తేబోయాడు.

"ఆ ఇంట్లోది వద్దు!" వెనకే వచ్చిన గుణావతి గట్టిగా అంది. "ఇచ్చిపుచ్చుకోవటాలు మొదలైతే ఇక తేల్చేదేముంది? మా కొట్లోంచి తెప్పిస్తున్నాను. సమితి కుర్చీ కాదు, నా కుర్చీ. గుర్తుపెట్టుకోండి."

కుర్చీ వచ్చింది. విజేసుందర నడిరోడ్డు మీద గొడుగు కింద కూర్చున్నాడు. అటుగా వచ్చిన త్రీవీలరు హారన్ కొట్టబోయి, జెండాలు చూసి, ఇంజను ఆపేసి పక్కన ఆగింది.

కొబ్బరిచెట్ల కింద ఉన్నవాళ్ళంతా దగ్గరికొచ్చారు. దింగిరి అమ్మ లోపల్నించి లేచొచ్చి కూతురి భుజం పట్టుకుని గేటు లోపల నిలబడింది. అందరూ ఒకరి కోసమే చూస్తున్నారు.

బిసో మెణికే పొలం గట్టు మీంచి నడిచి వచ్చింది. తెల్లచీర కట్టుకోలేదు. రోజూ కట్టే నీలిరంగు చీరే. అది చూడగానే మల్కాంతికి ఒళ్ళు మండిపోయింది. చావుకి రాలేదన్నమాట ఈవిడ, సమావేశానికి వచ్చింది.

"సభ మొదలైంది," అన్నాడు విజేసుందర. "విషయం మీకు తెలుసు. నేను అధ్యక్ష స్థానంలో ఉన్నాను కాబట్టి నా అభిప్రాయం చెప్పకూడదు."

"దిగి నిలబడ్డా మీరు చెప్పరు," అని ఎవరో గొణిగారు. కొందరు నవ్వబోయి, ఇంటివైపు చూసి ఊరుకున్నారు.

గుణావతి ముందుకొచ్చింది. కొట్టు నడిపే మనిషి, గొంతు వీధి చివరికి వినపడుతుంది.

"నేను చెప్పేది ఒక్కటే. నా తమ్ముడు జయసేన పోయిన రోజు ఈవిడ దగ్గరికి వెళ్ళాను. కాళ్ళు పట్టుకోవటం ఒక్కటే తక్కువ. 'పేరు లేదు గుణావతీ' అంది. పేరు ఎందుకు లేదు? వాడు తాగి పడుండి మూడు చావులకి వెళ్ళలేదు. తప్పే. నేను కాదన్లేదు. కొట్లో బెంచీలు మేమే మోసుకున్నాం. వాన వస్తే జనం మా వాకిట్లో తడుస్తూ నిలబడ్డారు. టెంటు లేదు. ఒక్క జెండా లేదు. మా తమ్ముడు దిక్కులేనివాడిలా పోయాడు. అయినా నేను కోశాధికారి పని మానలేదు. ఎందుకు? నియమం అందరికీ ఒకటే అనుకున్నాను కాబట్టి. ఇవాళ వియ్యంకుడి గేటుకి జెండా ఎలా వచ్చింది?"

"అది నేను..." అన్నాడు టికిరి బండా.

"నువ్వుండు మామా. నీ సంగతి తెలిసిందే. కట్టింది నువ్వు. విప్పమని చెప్పాల్సిన ఆవిడ పొద్దుటినుంచీ ఎందుకు చెప్పలేదు? అదీ నేనడిగేది."

అడిగినదాంట్లో తప్పు పట్టటానికేమీ లేదు. మల్కాంతికి కూడా ఆ క్షణాన గుణావతి మీద కోపం రాలేదు. వానలో తడిసిన ఆ వాకిలి, రోడ్డు మీంచి చూసింది, ఆమెకీ గుర్తే. తనూ వెళ్ళలేదు ఆ చావుకి.

బిసో మెణికే అధ్యక్షుడి వైపు తిరిగింది.

"గుణావతి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ముదియన్సే అన్నయ్య పేరు లేదు. నేనే చదివాను, నేనే తీసేశాను. ఇవాళ మళ్ళీ అడిగినా అదే చెబుతాను."

"అత్తయ్యా!" మల్కాంతి అరుపుకి కాకులు లేచాయి. "మా నాన్నని కుర్చీ ఎక్కనివ్వకుండా అవమానించింది మీరు. ఆయన గడప దాటకుండా చేసింది మీరు. పేరు కొట్టేసింది మీరు. ఇప్పుడు రోడ్డు మీద నిలబడి, మా అమ్మ వింటూ ఉండగా..."

"నువ్వు సభ్యురాలివి కావు పిల్లా," అంది బిసో మెణికే, ఆమె వైపు చూడకుండానే. "సభ్యులు కానివాళ్ళు సమావేశంలో మాట్లాడకూడదు."

చెంప మీద కొట్టినట్టయింది మల్కాంతికి. నిహాల్ "అమ్మా" అన్నాడు. జన్మకి మొదటిసారి కాస్త గట్టిగా అన్నాడు. తల్లి చెయ్యెత్తి ఆపింది.

"అధ్యక్షులవారూ, ఒక్క సంగతి చెప్పండి. ఈ ఇంట్లో మనిషి పోయాడని సమితికి ఎవరు చెప్పారు?"

విజేసుందర అటూ ఇటూ చూశాడు. "అంటే... అందరికీ తెలుసు కదా."

"తెలియటం వేరు. సభ్యుడనేవాడు వచ్చి కార్యదర్శికి చెప్పాలి. అప్పటికి గాని సమితికి ఆ చావు జరిగినట్టు కాదు. నాకెవరు చెప్పారు? పొద్దుట మా కోడలు 'సమితి వస్తుందా' అని అడిగింది. అడిగింది, చెప్పలేదు. పైగా అది సభ్యురాలు కాదు."

"ఏడుపు వినపడింది," అన్నాడు టికిరి బండా నీరసంగా.

"ఏడుపు విని జెండా కడితే అది నువ్వు కట్టినట్టు, సమితి కట్టినట్టు కాదు. ఏం గుణావతీ, ఆ జెండాలు లెక్కలోకి వస్తాయా?"

"రావు," అంది గుణావతి వెంటనే. "నేను మొత్తుకుంటున్నది అదే కదా."

"అయితే సమితికి ఇంకా ఈ చావు తెలియదు."

"తెలియదు!"

"మంచిది," అంది బిసో మెణికే. కొంగు నడుముకి దోపుకుంది. ఏ చావింటి ముందైనా పని మొదలుపెట్టేటప్పుడు ఆవిడ చేసే మొదటి పని అది. "ఇప్పుడు నా మనవి ఒకటి. మా ఇంటి సభ్యత్వం నా పేర ఉంది. ఆయన పోయాక నా పేర మారింది. ఇంటికి ఒక్కటే సభ్యత్వం. సభ్యత్వం నా పేర ఉంటే సమితి రావాల్సింది నాకు, నా పిల్లలకి, నా తల్లిదండ్రులకి, మా అత్తమామలకి. ఆ పెద్దవాళ్ళంతా ఎప్పుడో పోయారు. అదే కోడలి పేర ఉంటే, కోడలి కన్నవాళ్ళకి సమితి వచ్చి తీరాలి. కన్నవాళ్ళ పేరు విడిగా ఉందా, తీసేశారా అని చూడనక్కర్లేదు. ఒకే ఇంట్లోవాళ్ళు మార్చుకోవటానికి గడువు లేదు, సమావేశంలో చెబితే చాలు. ఇది సమావేశమేనా?"

విజేసుందర కుర్చీ చేతులు తడుముకున్నాడు. "సమావేశమే."

"అయితే చెబుతున్నాను. మా ఇంటి సభ్యత్వం ఈ క్షణం నుంచి మా కోడలు మల్కాంతి పేర."

ఆ మాటకి అర్థమేమిటో అందరికంటే ముందు అధ్యక్షుడికి తట్టింది. గొడుగు పక్కకి ఒరిగింది.

"బిసో మెణికే... సభ్యత్వం లేనివాళ్ళు పదవిలో..."

"ఉండకూడదు. తెలుసు. ఆ నియమం పెట్టమని పట్టుబట్టింది నేనే."

ఇంతకాలం ఆ ఊళ్ళో చావంటే బిసో మెణికే. ఎవరు ఏ వైపు పేటిక పట్టగలరో, ఎవడికి పొద్దున్నే మందు పడితే గాని చేతులు నిలవవో, ఏ ఇద్దరన్నదమ్ముల్ని ఒక వరసలో కూర్చోబెట్టకూడదో, ఏ ముసలమ్మకి టీలో చక్కెర వెయ్యకూడదో ఆవిడకి తెలుసు. పెళ్ళాం పోయిన మగవాడు మూడోరోజు నుంచీ అన్నం మానేస్తాడని తెలిసి, పక్కింటివాళ్ళని పురమాయించి వెళ్ళేది. ఒక్క పైసా జీతం లేదు. పొగిడినవాళ్ళు తక్కువ, పేరు తీసేసిందని తిట్టుకున్నవాళ్ళు ఎక్కువ. అయినా ఆ మనిషి నిలబడ్డ చావింట్లో ఎవరికీ భయం వెయ్యదు. పదవంటే దండలూ మైకూ అనుకునేవాళ్ళు బిసో మెణికేని ఒక్కసారి చూసి ఉంటే బాగుండును.

అంతటి పదవిని ఆవిడ ఇప్పుడు రోడ్డు మీద, అందరి ముందూ, చేతి గాజు తీసినట్టు తీసి ఇచ్చేసింది.

"ఇది వంకర దారి," అంది గుణావతి. కాని ఇందాకటి గొంతు కాదు.

"వంకరే. నియమం మాత్రం దాటలేదు. ఎక్కడ దాటానో చూపించు, వెనక్కి తీసుకుంటాను."

"మా తమ్ముడప్పుడు ఈ దారి ఎందుకు తట్టలేదు నీకు?"

"తట్టింది. వెతికాను."

గుణావతి కళ్ళు చికిలించింది. "వెతికావా?"

"నువ్వు వచ్చి వెళ్ళాక పొద్దుగూకేదాకా అదే ఆలోచన. నీ సభ్యత్వం మీద రాదు, అక్కకి తమ్ముడు లెక్కలోకి రాడు. మీ మరదలి పేర రప్పిద్దామంటే ఆమె పుట్టిల్లు మన ఊరు కాదు. ఎటు తిప్పినా దొరకలేదు గుణావతీ."

"నాతో ఒక్క ముక్క అన్లేదే."

"దొరకనిదాన్ని చెప్పి ఏం లాభం? నీకు ఇంకో ఏడుపు తప్ప."

గుణావతి పెదవి కొరుక్కుంది. బిసో మెణికే మీద ఊళ్ళో ఎన్ని నిందలున్నా అబద్ధమాడుతుందని మాత్రం పగవాళ్ళు కూడా అనరు. గుణావతి రోడ్డు వైపు తిరిగి, కొట్లో చిల్లర లెక్క తప్పినదానిలా నిలబడింది.

"ప్రతిపాదించేవారు?" అన్నాడు విజేసుందర, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నేను!" టికిరి బండా టోపీ ఎత్తాడు.

"బలపరిచేవారు?"

కొబ్బరిచెట్ల వైపు నుంచి రెండు మూడు గొంతులు ఒకేసారి లేచాయి. త్రీవీలరువాడు కూడా చెయ్యెత్తాడు. వాడిది పక్క ఊరు, అయినా ఎవరూ దించమనలేదు.

"సభ్యత్వం మల్కాంతి పేర మారింది. మరి కార్యదర్శి?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పని ఎంతటిదో తెలిసినవాళ్ళే అందరూ. కార్యదర్శి లేకపోతే చావు కబురు చెప్పుకోవటానికి మనిషి లేదు. చెప్పకపోతే సమితి రాదు. పట్నం నుంచి బండి బయల్దేరిపోయే ఉంటుంది. ఇంత చేసీ అత్త చేసినదంతా నడిరోడ్డులో ఆగిపోతుందేమోనని మల్కాంతి పట్నం దారి వైపు చూసింది.

"కోశాధికారి రెండు పనులూ చెయ్యొచ్చా?" అంది గుణావతి.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. టికిరి బండా మొహం పాలిపోయింది.

"వార్షిక సమావేశం దాకా చెయ్యొచ్చు," అన్నాడు విజేసుందర అనుమానంగా. "నువ్వు చేస్తావా?"

"ఇంకెవరైనా ఉన్నారా? లేరుగా. చేస్తాను."

గుణావతి నడిచి గేటు దాకా వచ్చింది. లోపలికి రాలేదు. ఊచలకి ఇవతల ఈవిడ, అవతల మల్కాంతి.

"సభ్యురాలివి నువ్వు. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే చెప్పు."

మల్కాంతి నోరు తెరిచింది. పొద్దుటినుంచీ అందరి మీదా అరిచింది, మొగుడితో పోట్లాడింది, అత్తని నిలదీసింది. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా అనలేదు. అనవలసిన అవసరమే రాలేదు, అందరికీ తెలుసు కాబట్టి. ఇప్పుడు అది అనాలి. అది కూడా ఈ మనిషితో అనాలి.

వెనకనుంచి తల్లి చెయ్యి ఆమె వీపు మీద ఆనింది.

"మా నాన్న..." అంది. "మా నాన్న చచ్చిపోయాడు."

అన్న తర్వాత ఇక ఆగలేదు. ఊచలు పట్టుకుని ఏడ్చింది. నాన్న అన్నం తింటూ నవ్వే నవ్వు, ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి ఆ చొక్కాతోనే మంచం మీద అటు తిరిగి పడుకున్న సాయంత్రం, పొద్దుట చల్లబడ్డ అరికాళ్ళు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. గుణావతి ఆమెని ఓదార్చలేదు, ఊచల మీద ఉన్న ఆమె వేళ్ళ మీద తన చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

చాలాసేపటికి గుణావతి తల తిప్పి పిలిచింది. "టికిరి మామా."

"చెప్పమ్మా."

"జెండాలు విప్పెయ్."

మల్కాంతి ఏడుపు ఆగిపోయింది. దింగిరి అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"శవం లేవకుండానా..." టికిరి బండా తడబడ్డాడు.

"పొరపాటున కట్టినవాటికి అరిష్టం ఏమిటి? విప్పి మళ్ళీ కట్టు. ఇందాక కట్టింది నువ్వు. ఇప్పుడు కట్టేది సమితి. మొదటిది ఈ గేటుకే కట్టు, నా కళ్ళముందు." గుణావతి కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగింది. "ఏం బిసో అక్కా, సరేనా?"

"నన్నడుగుతావేం," అంది బిసో మెణికే. "నేను కార్యదర్శిని కాదుగా."

*

ఇక ఊరు కదిలింది. చేతి ట్రాక్టరు మీద టెంటు గుంజలు వచ్చాయి, వాటి వెనక కుర్చీలు. ఆడవాళ్ళు కెటిళ్ళు పట్టుకుని పక్కింటి వంటింట్లోకి దూరారు. నిహాల్ చొక్కా విప్పి గుంజ పట్టుకున్నాడు. ఎవరో దింగిరి అమ్మ చేతిలో టీ గ్లాసు పెట్టారు.

"ఆ మూల గుంజ కాస్త ఇవతలికి పాతండి, అక్కడ నీళ్ళ గుంట ఉంది," అని రోడ్డు మీంచే అంది బిసో మెణికే.

"చూశాం అక్కా. అది మేం చూసుకుంటాం," అంది గుణావతి.

గుణావతి మెత్తగానే అంది. అయినా బిసో మెణికే చెయ్యి గాలిలోనే ఆగి, మెల్లగా కిందికి దిగింది. కొంగు నడుములో దోపుకుని ఉందని అప్పుడు గుర్తొచ్చినట్టు, తీసి భుజాన వేసుకుంది.

మల్కాంతి లోపల తల్లి పక్కన చాప మీద కూర్చుని తలుపులోంచి చూస్తోంది. అందరూ గేటు దాటి వచ్చేశారు. అధ్యక్షుడు వచ్చాడు, త్రీవీలరువాడు కూడా వచ్చి కుర్చీలు వరసగా వేస్తున్నాడు. ఒక్క బిసో మెణికే మాత్రం మెల్లగా గేటు దాటి, వాకిలి దాటి, గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయింది. ఒంటి మీద నీలిచీర. చుట్టూ అంతా తెలుపు.

ఊళ్ళో ఇన్ని చావులు నడిపిన మనిషికి, చావింట్లో మామూలు ఆడది ఎక్కడ కూర్చుంటుందో తెలియదని మల్కాంతికి అప్పుడు తెలిసింది. ఆవిడెప్పుడూ కూర్చోలేదు.

అత్తయ్యా రండి అని పిలవాలనిపించింది. కాని చావింటికి ఎవరినీ రమ్మని పిలవకూడదు. అంతే కాదు, పేరు తీసేసింది, కుర్చీ ఎక్కనివ్వలేదు అన్నది ఇంకా గొంతులోనే ఉంది. మింగుడు పడలేదు. ఇవాళ చేసింది పెద్దది. ఆ రోజు చేసిందీ చిన్నది కాదు. రెండూ చేసింది ఆ ఒక్క మనిషే.

మల్కాంతి చాప మీద కాస్త పక్కకి జరిగింది.

బయట బండి హారన్ వినపడింది. జనం లేచి నిలబడ్డారు. ముదియన్సే ఇంటికి వస్తున్నాడు.

బిసో మెణికే చాప మీది ఆ ఖాళీ వంక చూసింది, వెనక బండి వైపు చూసింది. ఒక కాలు గడపకి ఇవతల, ఒక కాలు అవతల పెట్టుకుని అక్కడే ఉండిపోయింది.